మావయ్య మంచానికి కట్టిన చేంతాడు

కిందటి నెలలో మా ఇంటికి కరెంటు పనిచేసే అతను వచ్చి, వంటింటికీ వసారాకీ మధ్యనున్న గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ పోయి పోయి ఒకచోట ఆగి, ఇక్కడ లోపల డొల్లగా ఉందండీ, ఎవరో బెజ్జం పెట్టి మళ్ళీ పూడ్చినట్టున్నారు, ఇందులోంచే వైరు లాగేస్తే గోడ పగలగొట్టే పని తప్పుతుంది అన్నాడట. అన్నాడట అని ఎందుకంటున్నానంటే నా చెవులు నాలుగేళ్ళుగా నా మాట వినడం మానేశాయి. మిషను పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినబడుతుంది గానీ పక్కగదిలోంచి పిలిస్తే ఆకాశవాణి రేడియో సరిగ్గా పట్టని రోజుల్లో వచ్చే గోల తప్ప ఏమీ తెలియదు. మోకాళ్ళు కూడా మొరాయించాక, ఉద్యోగం చేసినన్నాళ్ళూ మంచినీళ్ళు కూడా తానుగా ముంచుకోని మావారు ఇప్పుడు నాకు అన్నం వేడిచేసి పెట్టే స్థితికి వచ్చారు, పాపం ఆయన కేకలు వీధి చివర కిరాణా కొట్టుకు వినబడుతున్నాయి గానీ వసారాలో కూర్చున్న నాకు వినబడడం లేదు. అది చూసి బెజవాడలో ఉన్న మా అబ్బాయి ఒక ఎర్ర దీపం పంపించాడు, వంటింట్లో మీట నొక్కితే వసారాలో వెలుగుతుంది. దాన్ని బిగించడానికే అతను వచ్చింది.

ఆ బెజ్జం ఎందుకు పెట్టారండీ అని అతను నా ఎదురుగా వచ్చి అడిగాడు. నేను చెప్పేలోపే మావారు అందుకున్నారు. ఆయన మాటలు నాకు అందలేదు, కానీ ఆయన చేతులు చూశాను. కుడిచేత్తో తాడు లాగినట్టు చూపించారు, తరువాత రెండు చేతులూ కలిపి ముడి వేసినట్టు వేసి, ఆ ముడి జారిపోయినట్టు వేళ్ళు విడదీసి, పైకి చూసి దణ్ణం పెట్టారు. ముప్పై అయిదేళ్ళుగా ఆయన ఆ కథను అలాగే చెబుతున్నారు. వాళ్ళ నాన్నగారు వేసిన ముడి జారిపోయిందని. కరెంటతను అయ్యోపాపం అన్నట్టు తలాడించి తన పనిలో పడ్డాడు, నేను మాత్రం ఆ పూట అన్నం సయించక కంచం ముందు అలా కూర్చుండిపోయాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. ఏవండీ అనో, ఇదిగో అనో, అదీ కుదరకపోతే గాజులు గలగలలాడించో, గొంతు సవరించుకునో పిలిచేది. నలుగురిలో చెయ్యి పట్టుకోవడం, భుజం తట్టడం అసలే లేదు. మా అత్తయ్య ఆ పద్ధతిలో యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. మావయ్య ఈ తిరువూరులోనే ఒక రైసు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశారు, పగలంతా ఆ బెల్టుల మోత, మరల మోత. బస్తాలు లారీకెక్కించి మోకు బిగించి ముడి వేసే పని కూడా ఆయనదే. ఆయన వేసిన ముడి జారిన లారీ లేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు, లాగినకొద్దీ బిగుసుకునే ముడి అది. మిల్లు ఆయనకు జీతం ఇచ్చి చెవులు తీసుకుంది. నేను కోడలిగా వచ్చేనాటికి సగం చెవుడు, నా కొడుకు పుట్టేనాటికి నిండు చెవుడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎందుకు కొరుకుతున్నావన్నాడట అని మనం ఎంత తేలిగ్గా నవ్వేస్తామో! ఆ ఇంట్లో ఉండి చూస్తే నవ్వు రాదు. అత్తయ్య ఏవండీ అంటే ఆయనకు వినబడదు, పేరు పెట్టి అరిచినా వినబడదనుకోండి, ముట్టుకుందామంటే ఎదురుగా కోడలుంది, వీధిలో జనం ఉన్నారు. చింతగింజలు విసిరేది. గురి లేదు ఆవిడకు, ఒకటి మంచం కింద పడేది, ఒకటి నా పుస్తకాల మీద పడేది, ఒకటెప్పుడో ఆయన వీపుకు తగిలేది. ఆయనేమో బల్లి పడిందనుకుని ఉలిక్కిపడి తిట్టేవారు. కేకలేసి చెప్పాల్సిన మాటలు కొన్నుంటాయి, కేకలేసి చెప్పలేని మాటలే సంసారంలో ఎక్కువ. కడుపులో నొప్పిగా ఉందనో, రాత్రి చనిపోయిన చెల్లెలు కలలోకొచ్చిందనో, ఈ కూర మీకు నచ్చిందా అనో వీధంతా వినేట్టు ఎవరు అరుస్తారు? మెల్లమెల్లగా ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకరు వంటింట్లో, ఒకరు వసారాలో, మధ్యన గోడ.

నేనప్పుడు గంపలగూడెం మండలంలో ఒక బడిలో కొత్తగా పంతులమ్మగా చేరాను. ఊరికే ఉంటే పంతులమ్మనెలా అవుతాను? ఈ ముసలివాళ్ళ సంగతి నేను తేలుస్తానని నడుం బిగించాను. ముందు బెజవాడ తీసుకెళ్ళి మావయ్యకు చెవిమిషను కొనిపించాం, జేబులో డబ్బా పెట్టుకుని చెవిలోకి తీగ పెట్టుకునే రకం. రెండు రోజులు పెట్టుకుని, మళ్ళీ మిల్లులో కూర్చోబెట్టారేంట్రా నన్ను అని తీసి ట్రంకుపెట్టెలో పడేశారు. తరువాత పలక తెచ్చాను. మావయ్యకు చదువొచ్చు, అత్తయ్యకు రాదు. అత్తయ్య చెబితే నేను రాసి ఆయనకు చూపించేదాన్ని. వారం రోజులు ఉప్పు, పప్పు, కిరసనాయిలు అన్నీ బాగానే నడిచాయి. ఒకరోజు ఆవిడ ఏదో చెప్పబోయి నా మొహంలోకి చూసి ఆగిపోయింది. ఏంటత్తయ్యా, చెప్పండి రాస్తాను అన్నాను. "నువ్వు రాస్తే అది నీ మాటవుద్ది గానీ నా మాటెట్టవుద్దే" అంది. పోనీ మీరే నేర్చుకోండని అక్షరాలు దిద్దించాను, కంట్లో పొర ఉంది ఆవిడకు, గీతలు కనబడక విసుగొచ్చి పలక నా చేతికిచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది, నిజం చెప్పొద్దూ. ఇంత చేస్తుంటే విలువ లేదనుకున్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో మనిషికి తను చేసే మేలే కనిపిస్తుంది.

ఆ వేసవిలోనే మా వీధిలో బోరింగు పంపు పడింది, దాంతో మా పెరట్లో బావికి పని తగ్గి చేంతాడు దూలానికి వేలాడుతుండేది. దాన్ని చూసేసరికి నాకు ఆలోచన తట్టింది. వసారాలో మావయ్య మంచం గోడకు ఆనుకునే ఉండేది. ఆ గోడకు మంచం ఎత్తున ఒక బెజ్జం పెట్టించి, చేంతాడును అందులోంచి వంటింట్లోకి తీసుకెళ్ళి, అత్తయ్య కూర్చునే పీట పక్కన మేకుకు తగిలించాను. వంటిల్లు పొడుగ్గా ఉండేది, పొయ్యి ఆ చివర్న, అందుకని నాలుగు బారల తాడు పట్టింది. ఇవతలి కొసను మావయ్యే స్వయంగా మంచం పట్టెకు తన ముడి వేసి కట్టారు. అత్తయ్య అక్కడ లాగితే ఇక్కడ నులకమంచం కిర్రుమని కదులుతుంది. ఒకసారి లాగితే అన్నానికో, టీకో రమ్మని. రెండుసార్లయితే ఎవరో వచ్చారని. గబగబా మూడుసార్లయితే ఉన్నపళంగా రమ్మని. ఇదీ నేను పెట్టిన లెక్క. మొదటిసారి అత్తయ్య లాగగానే మావయ్య లేచి కూర్చుని, లోపలికొచ్చి గుమ్మంలో నిలబడి పళ్ళన్నీ కనబడేట్టు నవ్వారు చూడండి, నా జన్మకు అదొక్కటి చాలనుకున్నాను.

నేను పెట్టిన లెక్క మూడే గానీ, నెల తిరక్కుండా వాళ్ళిద్దరూ తాడుకు ఎన్ని మాటలు నేర్పారో నాకు తెలియదు. మధ్యాహ్నం సెలవు రోజుల్లో నేను వంటింట్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉంటే, మేకుకున్న తాడు దానంతటది సన్నగా వణికేది. అత్తయ్య వెన్న తీస్తున్నా, బియ్యం ఏరుతున్నా ఒక చెయ్యి అటు చాచి, వేలితో ఊరికే అలా ఒకటి మీటేది. అటునుంచి మళ్ళీ వణుకు. ఏంటత్తయ్యా, మావయ్య పిలుస్తున్నారా అంటే, "ఏం లేదులే, ఉన్నాడు" అనేది. ఆవిడకు కోపమొచ్చినరోజు తాడు గోడకు కొట్టుకునేది, ఆకలేసిన రోజు ఆయన అటునుంచి గారంగా లాగేవారు. ఎవరు లాగినా చెయ్యేదో ఆయనకు తెలిసిపోయేది. ఒకసారి నేను లాగితే లోపలికొచ్చి నన్ను దాటుకుని, మీ అత్తయ్యేదీ అన్నారు. యాభై ఏళ్ళుగా నలుగురిలో ముట్టుకోకుండా, పేరు పెట్టి పిలవకుండా కాపురం చేసిన వాళ్ళు ఆ తాడు మీద కబుర్లాడుకున్నారు. పలక మీద రాయలేకపోయిన మాట అదేనేమో, నాకిప్పుడు అనిపిస్తుంది.

మరి లోకం ఊరుకుంటుందా! బోరింగు దగ్గర బిందెలు పెట్టి కూర్చునే అమ్మలక్కలు ఒకరోజు నేను వినేట్టే అనుకున్నారు, పంతులమ్మట పంతులమ్మ, మావను గొడ్డును కట్టేసినట్టు మంచానికి తాడేసి కట్టేసిందట అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చాను. మావారు అప్పుడు బస్సు కండక్టరు, లోకులు కాకులు వదిలెయ్ అన్నారు. ఆయనకేం, పొద్దున్నే బస్సెక్కి పోతారు, బోరింగు దగ్గరకెళ్ళేది నేను. ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది, తీసేసుకోలేకపోయాను. నాకు పరువు పిచ్చి ఉండేది. ఇప్పుడు లేదని కాదు, అప్పుడు ఎక్కువ.

నాకు ఉద్యోగం పర్మనెంటు అయింది. అయినందుకు మా బడి పెద్ద పంతులమ్మగారినీ, ఇద్దరు తోటి టీచర్లనూ ఒక ఆదివారం భోజనానికి పిలిచాను. పెద్ద పంతులమ్మగారంటే నాకు భయం, భక్తి రెండూ. ఆవిడ వచ్చి ఈ తాడు చూసి ఏమనుకుంటారో, బడిలో ఏం చెప్పుకుంటారో అని నాకు మూడు రోజుల ముందునించీ గుబులు. ఆదివారం పొద్దున మావయ్య స్నానానికి వెళ్ళగానే మంచం దగ్గర కూర్చున్నాను. ఆయన ముడి విప్పడం మాటలు కాదు. గోళ్ళతో కాలేదు, పిన్నీసు పెట్టి తవ్వి తవ్వి, పిన్నీసు వంగిపోయి, వేలికి గుచ్చుకుని, చివరికి ఎలాగో విప్పాను. కొసను బెజ్జంలోకి దోపి, దాని మీద కాలెండరు తగిలించాను. మంచం మీద కొత్త దుప్పటి నాలుగు పక్కలా కిందికి వేలాడేట్టు పరిచాను. వసారా పెళ్ళివారింట్లా తయారైంది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కట్టించేద్దాం, ఎంతసేపు అనుకున్నాను. అత్తయ్యకు చెప్పలేదు. వంటింటి వైపు తాడు మేకుకు ఎప్పటిలాగే ఉంది, ఆవిడకు తేడా ఏం తెలుస్తుంది?

భోజనాలు బాగా జరిగాయి. పెద్ద పంతులమ్మగారు వసారా అంతా కలయజూసి, ముసలివాళ్ళున్న ఇల్లంటే ఇలా శుభ్రంగా ఉండాలమ్మా అన్నారు. ఆ పొగడ్త నాకెంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. వాళ్ళు బయల్దేరారు. ఇంటికొచ్చిన వాళ్ళను బస్సెక్కించి రావడం మన మర్యాద కదా, బిడ్డను చంకనేసుకుని నేనూ బయల్దేరాను. వంటింట్లోకి తొంగిచూసి వస్తానత్తయ్యా అంటే, ఆవిడ గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఇక్కడ పట్టేసినట్టుందే, ఆ గారెలు ఎక్కువ తిన్నానేమో అంది. కాస్త జీలకర్ర నమలండి, ఇప్పుడే వచ్చేస్తానన్నాను. చెప్పులేసుకుంటూ అన్నాను. తాడు సంగతి నాకు గుర్తే లేదు. మావయ్య భోంచేసి కొత్త దుప్పటి మీద పేపరు పట్టుకుని వెనక్కి వాలారు.

గంపలగూడెం బస్సు ఆరోజు ఆలస్యమైంది. మీరెళ్ళమ్మా, మేం ఎక్కుతాంలే అని వాళ్ళు అంటూనే ఉన్నారు. ఉండండి మేడం, సీట్లు దొరికేదాకా చూసి వెళ్తాను అని నేనే నిలబడ్డాను. గంటకు పైనే అయింది. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపి మరీ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి మావయ్య పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా, "టీ పొద్దు దాటిపోయింది, మీ అత్తయ్య ఇంకా లాగలేదేంటమ్మా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన చూడకుండా కట్టేద్దామని మంచం పక్కన వంగి కాలెండరు పక్కకు జరిపాను. నేను దోపిన కొస అక్కడ లేదు. బెజ్జంలో వేలు పెట్టి చూశాను. బెజ్జంలోంచి వంటింటి వెలుతురు కనబడుతోంది, తాడు లేదు. వంటింట్లోకి పరుగెత్తాను.

అత్తయ్య పీట మీద లేదు, గోడకు జారగిలబడి నేల మీద ఉంది. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. నాలుగు బారల తాడూ ఆవిడ ఒళ్ళో కుప్పగా పడి ఉంది. ఒకసారి లాగి వదిలేసిన మనిషి ఒళ్ళోకి నాలుగు బారలు రావు. లాగింది, వచ్చేసింది, ఇంకా లాగింది. కొస చేతికొచ్చేదాకా లాగింది. ఆ కొస ఆవిడ కుడి పిడికిట్లో ఉంది. గోడకు అవతల, ఆవిడకు నాలుగు బారల దూరంలో, ఆయన పేపరు చదువుతూ మంచం ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ కూర్చున్నారు.

వీధి చివర డాక్టరు పరుగున వచ్చి చెయ్యి పట్టుకు చూసి వదిలేశాడు. గుండె నొప్పన్నాడు. కాస్త ముందు తెలిసుంటే అని ఏదో అనబోయి, ఏమోలెండి, చెప్పలేం అన్నాడు. ఆ ఏమోలెండి పట్టుకునే ఇన్నేళ్ళూ బతికాను.

ఇల్లంతా జనం. బోరింగు దగ్గరి అమ్మలక్కలంతా వచ్చారు. మావారు డ్యూటీ బస్సు మరొకరికి అప్పజెప్పి పరుగెత్తుకొచ్చి, తల్లి ఒళ్ళోని తాడు చూసి, ఇదెలా ఊడొచ్చింది, ఎవరు విప్పారు అని గట్టిగా అరిచారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. మావయ్యకు ఆ ప్రశ్న వినబడలేదు, కానీ కొడుకు తాడు పట్టుకుని అందరి మొహాల్లోకీ చూడడం చూశారు. ముందుకొచ్చి ఆ కొస తన చేతిలోకి తీసుకున్నారు. రెండు వేళ్ళ మధ్య నలుపుతూ, వెలుతురుకు పెట్టి చూశారు. పిన్నీసు తవ్విన చోట పీచు లేచి ఉంది. తరువాత తలెత్తి నావైపు చూశారు. నా వేలికి పొద్దున గుచ్చుకున్నచోట కట్టుకున్న గుడ్డపీలిక వైపు చూశారు. అప్పుడు, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని ఆ మనిషి, వీధి వీధంతా వినేట్టు అన్నారు.

"ఎవరూ విప్పలేదురా. నా ముడే జారిపోయింది. ముసలోణ్ణయిపోయాను, చేతుల్లో పట్టు లేదు."

అందరూ అయ్యో అయ్యో అన్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్క ముడీ జారని మనిషికి ఇదేం ఖర్మ అన్నారు. కన్నకొడుకు కూడా నమ్మాడు, తండ్రిని పట్టుకుని ఏడ్చాడు, ఆ ఏడుపులో తండ్రి మీద కాస్త కోపం కూడా ఉంది, నాకు కనబడింది. నేను అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. చంటిబిడ్డను గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. అంతే.

పెద్దదినం అయ్యాక, చుట్టాలంతా వెళ్ళిపోయాక, మావయ్య నన్ను పిలిచారు. చేంతాడు మళ్ళీ బెజ్జంలోంచి తెచ్చి, నేను చూస్తుండగా మంచం పట్టెకు ముడి వేశారు. వేళ్ళు వణకలేదు. వంటింట్లోకెళ్ళి లాగమన్నట్టు చెయ్యి చూపించారు. వెళ్ళి లాగాను. ఇంకా గట్టిగా అన్నట్టు అటునుంచి కేకేశారు. రెండు చేతులతో, గోడకు కాలు తన్ని పెట్టి లాగాను. మంచం గోడకు కొట్టుకుంది గానీ ముడి జారలేదు. నేను గుమ్మంలోకొచ్చి నిలబడితే ఆయన నావైపు చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇకనించి అన్నానికి నువ్వు లాగమ్మా" అన్నారు, అంతే, పేపరు తీసుకుని అటు తిరిగి పడుకున్నారు.

తరువాత ఆయన బతికింది ఎనిమిది నెలలు. పూటపూటకీ నేను ఒకసారి లాగేదాన్ని, ఆయన లేచి వచ్చి తిని వెళ్ళేవారు. అటునుంచి ఒక్కనాడూ లాగలేదు. ఒక మధ్యాహ్నం, నాకు ఏం బుద్ధి పుట్టిందో, ఆవిడ మీటినట్టు వేలితో సన్నగా మీటాను, తోడుగా ఉంటుందనుకున్నానో ఏమో. పడుకున్న మనిషి పరుగున లోపలికొచ్చారు. నన్ను చూశారు, ఖాళీ పీటను చూశారు. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మరుసటి రోజు పొద్దున చూస్తే తాడు మంచానికి లేదు. ఆయనే విప్పేసి, చుట్టచుట్టి, బావి దూలానికి తగిలించి వచ్చారు. అప్పటినుంచి భోజనానికి నేనే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. ఆయన పోయాక బెజ్జం పూడ్పించింది కూడా నేనే.

ఇప్పటి పిల్లలకు ఇదంతా వింతగా ఉంటుంది. ఎవరి జేబులో వాళ్ళకు ఫోను, పక్కగదిలో ఉన్నవాళ్ళకు కూడా ఫోనే చేసుకుంటారు, మాట్లాడితే అక్షరాలుగా పడేవి కూడా వచ్చాయట, మా మనవరాలు చూపించింది. మంచిదే, వాటిని తిట్టే నోరు నాకు లేదు. ఇవే అప్పుడుంటే అత్తయ్య ఇంకొన్నాళ్ళు ఉండేదేమో. అయితే పరువు కోసం పొద్దున్నే లేచి పిన్నీసుతో తవ్వే కోడలికి ఏ మిషను అడ్డం వస్తుంది?

కరెంటతను దీపం బిగించి వెళ్ళిపోతుంటే, ఎవరొచ్చినా పీకెయ్యడానికి వీల్లేకుండా బిగించావా నాయనా అని అడిగాను. అతనేం అనుకున్నాడో, నవ్వి తలూపాడు. మరుసటి రోజు పదకొండింటప్పుడు మావారిని వసారాలో నా ఎదురుగా కూర్చోమన్నాను. చెవిలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాను. తీసేశావేం అన్నట్టు చూశారు. అప్పుడు చెప్పాను. పిన్నీసు, కాలెండరు, కొత్త దుప్పటి, జీలకర్ర, వాళ్ళ నాన్నగారు నా వేలివైపు చూసిన చూపు, అన్నీ. నా గొంతు నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా చెప్పానో తెలియదు, వీధంతా విన్నా విని ఉంటుంది. ఆయన ఏం అంటారో వినే ధైర్యం లేకే మిషను తీశాను. ముప్పై అయిదేళ్ళూ తండ్రిని తప్పుపట్టిన మనిషాయన. ఆయన పెదవులు కదిలాయి, చాలాసేపు కదిలాయి. నేను మిషను ముట్టుకోలేదు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

గడియారంలో ఒంటిగంట దాటింది. ఒంటిగంటన్నర దాటింది. గోడ మీద ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఒకసారి వెలిగింది, ఎర్రగా, వెలిగి ఆరిపోయింది. ఒకసారంటే అన్నానికి రమ్మని.

లేవడానికి మంచం పట్టె పట్టుకున్నాను గానీ వెంటనే లేవలేకపోయాను. కోపంతో నొక్కారో, క్షమించి నొక్కారో, అన్నం చల్లారిపోతుందని నొక్కారో ఆ దీపాన్ని చూసి నాకేం తెలుస్తుంది? తాడైతే తెలిసేది.